నేను అందించని మాట

ఒక మాట ఉంది. నలభై ఏళ్లకు పైగా నా నాలుక చివరే ఉంది. బరువే అది. బరువు అంటే మీరు బండరాయిని ఊహించుకుంటారేమో, అలాంటిదేమీ కాదు. పంటి సందున ఇరుక్కున్న వక్కపలుకులాంటిది. తినేటప్పుడు తగులుతుంది, మాట్లాడేటప్పుడు తగులుతుంది. మొదట్లో బాధపెట్టేది. ఇప్పుడు అదీ లేదు. అలవాటైపోయింది. ఇలాంటిది కూడా అలవాటైపోతుందా అని ఒక ఉదయం నాకే అనిపించి ఈ కాగితం ముందు కూర్చున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పడానికి ముఖం చెల్లదు. ఇంట్లో చెబితే "ఓస్, ఇంతేనా?" అంటారు. ఇంతే. నేను ఎవరినీ కొట్టలేదు. ఎవరి సొమ్మూ తినలేదు. ఒక మనిషి నా వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను నోరు విప్పలేదు. జరిగింది అంతే.

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చిన తర్వాతి సంగతి ఇది. నేను కూలీల హాజరు రాసే టైమాఫీసులో రైటరుని. మా నాన్న అదే ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి దిగిపోయాడు. దొరలు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకుంటున్న రోజులు. బంగళాలు వదిలారు, తోటలు వదిలారు, లాడ్జిని కూడా మాకే వదిలారు. ఫ్రీమేసన్లని దొరల రహస్య సంఘం ఒకటి, వాళ్లు కూడే హాలుని లాడ్జి అంటారు. లోపల ఏం చేస్తారో బయటివాళ్లకు తెలియదు కాబట్టి ఊళ్లో పిల్లలు దాన్ని తలలు నరికే బంగళా అనేవాళ్లు. ఎవరి తలా నరకలేదండీ. నెలకొకసారి కొందరు పెద్దమనుషులు నడుముకు ఏప్రాన్లు కట్టుకుని, ఒకరినొకరు బ్రదర్ అని పిలుచుకుంటూ, పొడుగాటి ఇంగ్లీషు పాఠాలు కంఠతా ఒప్పజెప్పేవాళ్లు.

లాడ్జికి పెద్దగా ఉండేవాణ్ని మాస్టర్ అంటారు. ఏటేటా మారాలి. ఒక ఏడు కుర్చీలో కూర్చున్నవాడు ఏడు తిరగ్గానే లేచి, తర్వాతివాడి చెయ్యి పట్టుకుని తానే కూర్చోబెట్టాలి. ఎంత గొప్పవాడైనా దిగాల్సిందే. మాస్టర్లయినవాళ్ల పేర్లు గోడ మీద ఒక చెక్క పలకపై బంగారు రంగులో రాసి ఉండేవి. పైనుంచి కిందిదాకా అన్నీ దొరల పేర్లే. మిగిలిన ఒకే ఒక్క దొర ఆ ఏడు మాస్టరు. అతనూ ఓడెక్కబోతున్నాడు. అంటే తర్వాతి పేరు మనవాళ్లది. ఆ పలక మీద మొదటిసారి.

ఆ పేరు మునిరత్నానిది కావాలి.

మునిరత్నం వైండింగ్ ఇంజన్ ఫోర్మన్. షాఫ్టులోకి, అంటే గని బావిలోకి, కేజ్ అనే ఇనపబోనులో మనుషుల్ని దింపేదీ, పైకి లాగేదీ ఆ ఇంజనే. నాకంటే ఆరేడేళ్లు పెద్ద. వాళ్లది బైరకూరు దగ్గర పల్లె. వాళ్ల నాయన వెంకటప్ప చిన్న వయసులోనే గనికి వచ్చి, రాయి తొలిచి తొలిచి, ఆ దుమ్ముకు ఊపిరితిత్తులు పోగొట్టుకున్నాడు. కింద పనికి పనికిరాడని తేల్చాక లాడ్జి హాలు ఊడ్చే పని ఇచ్చారు. ప్రతి మీటింగు ముందూ వెనకా ఆయన మాస్టర్ కుర్చీని నూనెగుడ్డతో తుడిచేవాడు. ఎన్నేళ్లు తుడిచాడో. ఒక్కరోజు కూడా దాంట్లో కూర్చున్నవాడు కాదు. దొరలు తగ్గిపోయి లాడ్జికి మనుషులు కరువైనప్పుడు మునిరత్నాన్ని చేర్చుకున్నారు. నన్నూ అప్పుడే చేర్చుకున్నారు. మాస్టరయ్యే వరసలో అతను నాకంటే ఒక మెట్టు ముందు.

ఆ ముసలాయనకు ఒకటే కోరిక. కొత్త మాస్టరు కూర్చున్న రోజున, తంతు అయిపోయాక, తలుపులు తెరిచి ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేవాళ్లు. అప్పుడు కొడుకుని ఆ కుర్చీలో చూడాలి. డాక్టరు అప్పటికే నెలల్లో చెప్పేశాడు. అందుకని ఆ ఏడే కావాలి. ఈ సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

మా లాడ్జిలో ఒక ఆచారం ఉండేది. మిగతా చోట్ల ఉందో లేదో నేనెరగను. ఎన్నిక జరిగే మీటింగులో, చీటీలు వేసే ముందు, మాస్టర్ కాబోయేవాడు పెద్ద పాఠమొకటి పుస్తకం చూడకుండా అందరి ముందూ చెప్పాలి. ఎక్కడైనా ఆగిపోతే మాట అందించడానికి ఒకడు పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఆ ఒక్కడే అందించాలి. నలుగురూ నాలుగు వైపుల నుంచి అందుకుంటే చెప్పేవాడు మరింత గాబరాపడతాడని మిగిలినవాళ్లెవరూ నోరు మెదపకూడదు. పుస్తకం ఎవరి చేతికిస్తారు? వరసలో వెనకున్నవాడి చేతికి. వచ్చే ఏడు వీడూ చెప్పాలి కాబట్టి వింటూ నేర్చుకుంటాడని. ముందువాడు ఆగిపోతే ఎవడికి లాభమో, సరిగ్గా వాడి చేతికే. దొరలకు ఇది తట్టలేదా? తట్టే ఉంటుంది. బ్రదర్లం కదా అనుకుని ఉంటారు.

అలా పుస్తకం నా చేతికి వచ్చింది.

మునిరత్నం ఎక్కువ చదువుకోలేదు. ఇంజన్ హౌసులో నేర్చుకున్న ఇంగ్లీషే. పుస్తకం నా దగ్గరే ఉండాలి, పాఠం రాసిపెట్టుకోకూడదు అని నియమం కాబట్టి నా నోటి నుంచి విని నేర్చుకున్నాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరం సైనైడ్ దిబ్బల మీదికి పోయేవాళ్లం. గనిలోంచి తీసిన రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, పారబోసిన తెల్లమట్టి గుట్టలు అవి. అక్కడ మాట వినేవాడు ఉండడు. అతను చేతులు వెనక్కి కట్టుకుని చెప్పేవాడు. నేను వినేవాణ్ని. నిజం చెప్పొద్దూ, నాకంటే బాగా చెప్పేవాడు. అతని నోట్లో ఆ ఇంగ్లీషు ఏదో మన పురాణం చెప్పినట్టుండేది.

ఒక్కచోట మాత్రం ఆగిపోయేవాడు. ఎప్పుడూ అదే చోట. కష్టమైన మాట కూడా కాదది. బళ్లో పిల్లలు రోజుకు పదిసార్లు అనే మాట. నేను అందించగానే అందుకుని చివరిదాకా ఒక్క ఊపున వెళ్లిపోయేవాడు. అందించేదాకా మాత్రం నిలబడే ఉండేవాడు. దానికి బదులు ఇంకో మాట వేసుకుని సాగిపోవచ్చు కదా, అందరూ చేసేది అదే కదా అని ఒకసారి విసుక్కున్నాను.

"గంట కొట్టకుండా నేను కేజ్ కదిలించేది లేదు సార్. కిందుండేది మనుషులు" అన్నాడు.

అదీ మునిరత్నం. షాఫ్టు అడుగున ఏముందో ఇంజను నడిపేవాడికి కనపడదు. కిందివాడు గంట కొడితేనే కదలాలి. కొట్టకపోతే పొద్దుగూకేదాకా అయినా ఆగాలి. ఇరవై ఏళ్లుగా అతని చేతులు నేర్చుకున్నది అదే. నాకది తెలుసు. గంట మోగకపోతే అతను కదలడని ఆ లాడ్జిలో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ రోజు శనివారం సాయంత్రం. వెంకటప్ప బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, దగ్గు వచ్చినప్పుడల్లా తువ్వాలు నోట్లో కుక్కుకుంటున్నాడు, లోపలికి వినపడకూడదని. మునిరత్నం లేచాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మొదలుపెట్టాడు. దొర కళ్లు మూసుకుని వింటున్నాడు. అంత బాగా ఆ హాల్లో నేను ఎన్నడూ వినలేదు.

ఆ చోటికి వచ్చాడు. ఆగాడు.

నా వైపు చూశాడు. దీనంగా చూడలేదు. గాబరా లేదు. గంట కోసం చూసినట్టు చూశాడు.

పుస్తకం తెరిచే ఉంది. నా వేలు ఆ వరస కిందే ఉంది. మాట నోటిదాకా వచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను లోపలికి మింగడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఒక్క క్షణం ఆగుదాం అనుకున్నాను. ఒక్క క్షణమే. అతను ఎలా నిలబడతాడో చూద్దామనుకున్నానా? ఆ క్షణం అయిపోయింది. రెండోది వచ్చింది. ఇప్పుడు అందిస్తే ఇంతసేపు ఎందుకు ఆగావని అడుగుతారేమో అనిపించింది. మూడోది వచ్చింది. చెడ్డపని మొదలుపెట్టడానికి ఒక క్షణం ధైర్యం చాలు, తర్వాత దాన్ని ఆపడానికే ధైర్యం కావాలి, అది నాకు లేదు. గోడగడియారం వినపడుతోంది. దొర కళ్లు తెరిచాడు. ఎవరూ నోరు మెదపలేదు, మెదపకూడదు కాబట్టి. బయట వెంకటప్ప దగ్గాడు.

అప్పుడు నేను పేజీ తిప్పాను. వెనక్కి ఒకటి, ముందుకు రెండు. వెతుకుతున్నట్టు. నోరు విప్పకపోవడం ఒక ఎత్తు. దాన్ని భయమనో, మొద్దుబారడమనో నాకు నేను చెప్పుకోవచ్చు. పేజీ తిప్పడాన్ని ఏమని చెప్పుకోను? చేతులకు బుద్ధి పుట్టి వాటంతట అవే తిప్పాయా? నేనే తిప్పాను.

అతను ఇంకా కాసేపు నిలబడ్డాడు. తర్వాత దొర వైపు తిరిగి, తల వంచి, ఈ ఏడు తన పేరు వద్దని ఇంగ్లీషులో మెల్లగా చెప్పి కూర్చున్నాడు. చీటీలు వేశారు. వరసలో తర్వాతివాణ్ని నేనే.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. ఆ పలక మీద మొదటి పేరు నాది కావాలనా? అవును. అబద్ధమెందుకు, కావాలనే ఉండింది. దిబ్బల మీద అతను నాకంటే బాగా చెప్పినప్పుడల్లా కడుపు మండేది. అంతకు ముందు వారం భోజనం దగ్గర మా నాన్న, "కుర్చీ తుడిచేవాడి కొడుకు ఆ కుర్చీలోనే కూర్చుంటాడంటనా? బాగుండాది లోకం" అన్నాడు. నేను వారించలేదు. మజ్జిగ పోసుకున్నాను. తప్పంతా నాన్న మీదికి తోసెయ్యడం సులువే, పోయినవాళ్లు తిరిగి మాట్లాడరు. కానీ ఆ రోజు పుస్తకం పట్టుకున్నది మా నాన్న కాదు.

మీటింగు ముగిశాక మునిరత్నం వరండాలోకి వచ్చి తండ్రి చెవి దగ్గర వంగి ఏదో చెప్పాడు. ముసలాయన తల ఊపాడు. నూనెగుడ్డ తీసుకుని లోపలికి వెళ్లాడు, మీటింగు అయిపోయింది కాబట్టి కుర్చీలు తుడవాలి. మునిరత్నం నా దగ్గరికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"నీకు గూడా యాడుండేదీ తెలీకుండా పోయిందా?" అని అడిగాడు.

"పేజీ తప్పింది" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నవ్వాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"పోనీలే తమ్ముడూ. నాకు మాట పోయింది, నీకు పేజీ పోయింది. మనుషులం గదా. దీనికి నువ్వు మనసు కష్టపెట్టుకోవద్దు, ఇంగ వదిలెయ్."

తమ్ముడూ. అప్పటిదాకా బయట నన్ను సార్ అనేవాడు, లాడ్జిలో బ్రదర్ అనేవాడు. సార్ అనొద్దని నేను ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ సాయంత్రం నేనూ తనలాగే అందరి ముందూ తప్పిపోయిన మనిషినని నమ్మి, నన్ను తమ్ముణ్ని చేసుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ సార్ అనలేదు.

ఏడు తిరిగిన రోజున దొర నా చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. కుర్చీ చేతులు నున్నగా, చల్లగా ఉన్నాయి. నూనె వాసన వేసింది. నాకు సంతోషం కలగలేదు. బాధా కలగలేదు. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టు ఉండింది. తలుపులు తెరిచినప్పుడు మా నాన్న వచ్చి చూసి మురిసిపోయాడు. వెంకటప్ప గోడ పక్కన నిలబడి నాకు దండం పెట్టాడు. పలక మీద నా పేరు రాశారు. ఇంగ్లీషు అక్షరాల్లో, దొర పేరు కింద.

నా ఏడు ఇంకా నడుస్తుండగానే వెంకటప్ప పోయాడు. పోవడానికి పది రోజుల ముందు కూడా వచ్చి నేను కూర్చునే కుర్చీ తుడిచి వెళ్లాడు. తర్వాతి నెల మీటింగుకు మునిరత్నం గుండుతో వచ్చాడు. వచ్చే ఏడు కుర్చీ నీదే, పాఠం గీఠం ఏమీ వద్దు, నేను చూసుకుంటానని చెప్పాను. గబగబా చెప్పాను, లంచం ఇచ్చేవాడిలాగా.

"ఇంగ నాకెందుకు తమ్ముడూ? చూసేటాయన పాయె" అన్నాడు. మళ్లీ తనే, "కావాలంటే ఆ పుస్తకం నాకియ్యి" అన్నాడు.

ఇచ్చాను. ఆ తర్వాత లాడ్జిలో ఆచారం మారింది. వరసలో వెనకున్నవాడి చేతికి పుస్తకం ఇవ్వడం ఆగిపోయింది. ఎవరు చెప్పినా పుస్తకం మునిరత్నం చేతిలోనే ఉండేది. అతను వరసలోంచి తప్పుకున్నాడు, కుర్చీ ఎప్పుడూ అడగలేదు. ఏటా ఒకడు ఎక్కుతున్నాడు, ఒకడు దిగుతున్నాడు, అతను మాత్రం ఆ మూల ఆ స్టూలు మీదే. అతని ముందు ఏ మనిషీ ఒక ఊపిరికన్నా ఎక్కువ ఆగి ఎరగడు. పెదవి వణికిందంటే మాట అందేది. ఆనాటి సంగతి తానే నవ్వుతూ చెప్పేవాడు. "మా ఇద్దరికీ ఒకే చోట బండి నిలబడిపాయె" అని. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. ఎన్నేళ్లు నవ్వానో చూడండి.

చెప్పి ఉండొచ్చు. వందసార్లు వీలు దొరికింది. మా అమ్మాయి పెళ్లికి పందిరి దగ్గర నుంచి వంటదాకా అతనే నిలబడి చూసుకున్నాడు. మా ఆవిడ ఆసుపత్రిలో ఉంటే వాళ్లింటి నుంచే క్యారియరు వచ్చింది. ప్రతిసారీ చెబుదామనుకున్నాను. చెబితే ఏం పోతుంది? ఆ పిలుపు పోతుంది. నా అబద్ధం మీద నిలబడ్డ పిలుపు అది. కిందది లాగితే పైది ఉంటుందా? అందుకని చెప్పలేదు. అతని మంచి కోసం చెప్పలేదని కొన్నాళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. ఛీ.

గనులు మూతపడ్డాయి. మా పిల్లలంతా తెల్లారి మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వచ్చే ఉద్యోగాల్లో పడ్డారు. లాడ్జికి వచ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. చివరిసారి మాస్టర్‌ని కూర్చోబెట్టే తంతు జరిగినప్పుడు, పెద్దవాణ్నని ఆ పాఠం నన్ను చెప్పమన్నారు. అదే పాఠం. మూలన స్టూలు మీద మునిరత్నం, కళ్లద్దాలు పెట్టుకుని, మోకాళ్ల మీద పుస్తకంతో.

ఆ రోజు నేను ఒకటి అనుకున్నాను. ఆ చోట ఆగుదాం. మాట గుర్తున్నా ఆగుదాం. అందరూ చూస్తుండగా, అతను నిలబడ్డంతసేపు నిలబడి, అది ఎలా ఉంటుందో ఒక్కసారి తెలుసుకుందాం. ఇదీ నేను నాకు వేసుకోబోయిన శిక్ష. ఆ చోటికి వచ్చాను. ఆగాను.

ఊపిరి తీసుకునేలోపే మాట వచ్చింది. మెల్లగా, నాకు మాత్రమే వినపడేంత. ఆయన పుస్తకం వైపు చూడను కూడా చూడలేదు. నా ముఖమే చూస్తున్నాడు. నేను మాట అందుకుని చివరిదాకా చెప్పి కూర్చున్నాను. ఆ శిక్ష కూడా నాకు దక్కనివ్వలేదు ఆయన.

పోయిన ఏడు మునిరత్నం పోయాడు. నిద్రలోనే. నేను వెళ్లాను, మోశాను, వచ్చాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. వాళ్ల కోడలు ఒక చిన్న మూట ఇచ్చింది, మామ మీకు ఇమ్మన్నాడని. విప్పితే ఆ పుస్తకం. అందులో ఏమైనా రాశాడేమో, తనకు తెలిసే ఉందేమో అని ప్రతి పేజీ తిప్పి చూశాను. ఏమీ లేదు. ఆ పేజీ అన్ని పేజీల్లాగే ఉంది.

మొన్న బెంగళూరు నుంచి ఒక బ్రదర్ ఉత్తరం రాశాడు. హాలు ఖాళీ చేస్తున్నారట, ఆ పలకను తీసుకెళ్లి అక్కడ పెడతారట. మనవాళ్లలో మొదటి మాస్టర్ మీరే కదా, ఆ రోజు ఏం జరిగిందో ఒక పేజీ రాసి పంపండి, పలక పక్కన పెడతాం అన్నాడు. ఆ పేజీ రాయడానికే కూర్చున్నాను. ఇది వచ్చింది. పంపుతానో లేదో నాకే తెలియదు. క్షమించమని ఎవరిని అడగను? క్షమించగలిగినవాడు లేడు. ఉంటే "పోనీలే తమ్ముడూ" అనేస్తాడు, అది నాకు మరీ కష్టం.

ఒక్కటి మాత్రం అనాలి. ఎవరూ వినకపోయినా పైకి అనాలి. పొద్దున పుస్తకం తెరిచి ఆ వరస కింద వేలు పెట్టి ఆ మాట బయటికి అన్నాను. ఆ తర్వాత మీ ఎదుట ఇది రాస్తున్నాను.

నాకు పేజీ తప్పలేదు రత్నమన్నా. నా వేలు ఆ మాట మీదే ఉండింది.